కాళ్లు మొక్కిన నేల మీద కాళ్లు కడగడం

(తంగళ్ళపల్లిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో కరపత్రంలో లేదు. రేపు అచ్చయ్యే పుస్తకంలోనూ ఉండదు. పేరు వెయ్యొద్దని ఆమె పిల్లలు అడిగారు, కమిటీ ఒప్పుకుంది. ఈ హాల్లో ఉన్నవాళ్లకు పేరు అక్కర్లేదు, అవ్వ అంటే చాలు. బైబిల్ స్త్రీగా పనిచేసింది. వేదిక ఎక్కి ప్రసంగం చేసిన మనిషి కాదు. ఇంటింటికీ తిరిగేది, కూర్చునేది, వినేది.

ఆమె పనిలో ఒక్క సంగతి మాత్రం చెప్పి విషయంలోకి వెళ్తాను. ప్రార్థనకు ఒక ఇంట్లో అరగంట కూర్చుంటే, ఆ ఇంట్లో బీడీలు చేసే మనిషికి రెండు కట్టలు తక్కువ పడతాయి. సాయంత్రం కార్ఖానాలో లెక్క అప్పగించేటప్పుడు దేవుని పేరు చెబితే ఎవరూ ఆ రెండు కట్టలు కలపరు. అవ్వకు ఆ లెక్క తెలుసు. అందుకే వెళ్లగానే కత్తెర అందుకునేది. నానబెట్టిన తునికాకును ఒళ్లో పెట్టుకొని, రేకు అచ్చు ఆకు మీద ఆనించి, ఈనెలు పక్కకు పోయేలా కత్తిరిస్తూ మాట్లాడేది. ఆమె లేచేసరికి చాటలో కత్తిరించిన ఆకు కుప్పగా ఉండేది. ఆ ఇంట్లో పెట్టిన రొట్టెనో గట్కనో తిననిదే లేచేది కాదు. ‘ఇప్పుడే తినొచ్చిన బిడ్డా’ అని తప్పించుకోవడం ఆమెకు రాలేదు.

పని చేసిపెట్టడం, పెట్టింది తినడం. ఈ రెండో దాని మీదే నా ఉపన్యాసమంతా. సేవ గురించి మనం చాలా విన్నాం. సేవ అందుకునే మనిషి దగ్గర మనం చెయ్యి చాపగలమా, అతనికి జవాబు చెప్పగలమా అన్నది తక్కువ విన్నాం. తగ్గింపు ఉందో లేదో అక్కడే తేలుతుందని నా వాదన.

1

తగ్గింపు జీవితం గురించి ప్రసంగించేవాళ్లు మన జిల్లాల్లో ఒక సంగతి మరిచిపోతుంటారు. ఈ నేల మీద మనుషుల్ని వంచడానికి ఎవరూ బైబిలు తెరవాల్సిన అవసరం రాలేదు. గడి ఉంది, గడిలో దొర ఉన్నాడు, అది చాలింది. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల గొర్రెపిల్లను తోలుకొచ్చి అప్పగించాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, డప్పు కొట్టాలి, అర్ధరాత్రైనా కబురు మోయాలి. కూలి మాట ఎత్తొద్దు. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్న మాట కొడుక్కు తండ్రి నేర్పకుండానే వచ్చేది, ఎందుకంటే తండ్రి నోట అది రోజూ వినబడేది.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీలు వేల సంఖ్యలో నడిచారు. వెట్టి పోవాలి, పాలేర్ల జీతాలు పెరగాలి, దండుగల పేరిట గుంజుకున్న డబ్బు తిరిగి రావాలి అన్నారు. దాన్ని జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాం. నెల దాటిందో లేదో, అక్టోబరులో, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ హాల్లో నెరిసిన తలలు చాలానే కనబడుతున్నాయి, ఆ రోజులు నాకన్నా మీకే బాగా తెలుసు. తర్వాత పేలిన తుపాకుల మీద, వాటి మంచిచెడ్డల మీద మనలో మనకు పట్టింపులుండొచ్చు. కాల్మొక్కిన మనిషి నడుము నిలబెట్టి ఊరి నడివీధిలో నడిచిన ఆ రోజు మీద మాత్రం నాకే సందేహమూ లేదు. దేవుడు మనిషిని చేసింది అలా నిలబడడానికే.

ఇప్పుడు ఆ మనిషి కొడుకో మనవడో ఆదివారం చర్చిలో కూర్చున్నాడు. పుల్పిట్ మీదినుంచి అయ్యగారు ‘నిన్ను నీవు తగ్గించుకో’ అంటారు. అతనికి ఏం వినబడుతుంది? తాత వినీవినీ విసిగిపోయిన మాటే మళ్లీ వినబడుతుంది, ఈసారి దేవుని గొంతుతో. మన సంఘాల్లో ఎక్కువమంది మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లమే. ఉన్న ఎత్తును తగ్గించుకోమనొచ్చు. ఎత్తే దక్కనివ్వని మనిషికి ముందు కుర్చీ వెయ్యాలి. ఈ వరస తారుమారైతే వెట్టికి మనం స్తోత్రం పాడినట్టే.

మరి క్రీస్తు తగ్గించుకున్నాడు కదా అంటారు. అవును. ఎలా తగ్గించుకున్నాడో నెమ్మదిగా చూద్దాం.

2

యోహాను సువార్త పదమూడో అధ్యాయం మీకు కంఠతా వచ్చు, చదవను. సంగతి మాత్రం గుర్తుచేస్తాను. భోజనం మధ్యలో యేసు లేచాడు. పై వస్త్రం తీసి పక్కన పెట్టాడు, తువాలు నడుముకు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగి తుడిచాడు. ఆ కాలంలో అది ఇంటి బానిస పని. ఇదంతా మనం చెప్పుకుంటూనే ఉంటాం. యోహాను ఆ మాటకు ముందు రాసింది మాత్రం దాటేస్తాం. సమస్తం తన చేతికి అప్పగించబడిందని, తాను ఎక్కడినుంచి వచ్చాడో ఎక్కడికి వెళ్తున్నాడో ఎరిగి ఉండి ఆయన లేచాడట. ఎవరో పిలిస్తే లేవలేదు, ఎవరికో భయపడీ లేవలేదు. తానెవరో తెలిసిన మనిషి తన ఇష్టంతో లేచాడు. వెట్టిలో లేనిది అదే.

పని అయ్యాక ఏం చేశాడు? వస్త్రం మళ్లీ వేసుకున్నాడు, తన చోట కూర్చున్నాడు. నన్ను బోధకుడనీ ప్రభువనీ పిలుస్తున్నారు, అది సరైనదే అన్నాడు. ‘అయ్యో, నేనెంతవాణ్ణి’ అనలేదు. మనకు తెలిసిన వినయాల్లో సగం ఇక్కడే రాలిపోతాయి. పనికి అర్హత ఉండీ ‘నాకెందుకులెండి’ అని తప్పుకునే వినయం, పొగిడించుకోవడానికి తల వంచే వినయం ఈ అధ్యాయంలో దొరకవు.

పేతురు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. గురువు చేత కాళ్లు కడిగించుకోవడమా అని. అది భక్తిలాగే ఉంటుంది. యేసు ఒప్పుకోలేదు, కడిగించుకోకపోతే నాతో నీకు పాలు లేదన్నాడు. పేతురుకు కష్టమైంది సేవ చేయడం కాదు, చేయించుకోవడం. మనలో సేవాదృక్పథం మెండుగా ఉన్నవాళ్లను గమనించండి. ఎవరికైనా అన్నం పెడతారు. ఎవరింట్లోనైనా ముద్ద తినమంటే మాత్రం కడుపు నిండింది అంటారు.

ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే నా వాదనకు ఇంకా బలం దొరుకుతుంది. పస్కాకు ఆరు రోజుల ముందు బేతనియలో మరియ ఖరీదైన అత్తరు తెచ్చి యేసు పాదాలకు పూసి తలవెంట్రుకలతో తుడిచింది. ఆయన వద్దనలేదు. అడ్డుపడింది యూదా ఇస్కరియోతు. ఎలా అడ్డుపడ్డాడు? దీన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని. చూశారా! ఆ ఇంట్లో బీదల సేవ గురించి లెక్క వేసి మాట్లాడినవాడు యూదా. ఒక ఆడమనిషి ఇచ్చింది కాదనకుండా అందుకున్నవాడు యేసు. కొద్ది రోజుల కింద తన పాదాలు ఒకరి చేతికి అప్పగించినవాడే తర్వాత ఇతరుల పాదాలు పట్టుకున్నాడు. పన్నెండో అధ్యాయం లేకుండా పదమూడును మనం ఊరికే ఊరేగిస్తున్నాం.

3

ఇక మన నేల మీదికి వద్దాం. దోర్నకల్ బిషప్ అజరయ్య పేరు వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఆయన తిన్నెవెల్లి మనిషి, 1874లో పుట్టాడు, తండ్రి పల్లెటూరి పాదిరి. 1903లో తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషన్ పెట్టుకున్నారు. ఆ మిషన్ పక్షాన అజరయ్య 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కావలసింది 1910 జూన్.

ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. పన్నెండు వందల మంది దాకా ప్రతినిధులు. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది లోపే. ముప్ఫై అయిదేళ్ల అజరయ్య లేచాడు. ఇంకా బిషప్ కాలేదు, తన భవిష్యత్తు ఆ హాల్లో కూర్చున్న తెల్లదొరల సద్భావం మీదే చాలావరకు ఆధారపడి ఉంది. అలాంటివాడు మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడాడు. మీరు మా దగ్గర పనిచేశారు, మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మా సంఘం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుంది, కానీ మేమడిగేది ప్రేమ, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నది దాని సారం. హాల్లో కొందరు ఇబ్బందిగా కదిలారు, కొందరికి కోపం వచ్చింది. ఎందుకు రాదు? ప్రాణాలు ధారపోసినవాళ్లను పట్టుకొని ఇంకా ఏదో తక్కువైందంటున్నాడు!

తక్కువైందేమిటో మనకు చప్పున తెలుస్తుంది, మనం ఊళ్లో పెరిగినవాళ్లం కాబట్టి. జ్వరమొస్తే మందిచ్చే దొరసాని ఉంటుంది. ఆమె మంచిదే. మందు చేతిలో పడేస్తుంది, గడప లోపలికి రానివ్వదు. నీ ఇంట్లో మంచినీళ్లు తాగదు. నువ్వు బతుకుతావు, బతికినంతకాలం ఆమెకు దండం పెడుతూ బతుకుతావు. అజరయ్య అడిగింది ఆ గడప తీసెయ్యమని. స్నేహితుడంటే నువ్వు ఇవ్వగలవాడే కాదు, నీకు ఇవ్వగలవాడు కూడా. నీ తప్పు నీ మొహం మీద చెప్పగలవాడు. సేవ చేసేవాడు అంత చోటు ఇవ్వకపోతే ఎన్ని ప్రాణాలు ధారపోసినా ఎత్తు మీదే నిలబడి ఉన్నట్టు.

ఈ మాట అన్నవాడు తర్వాత తానే బిషప్ పీఠం మీద కూర్చున్నాడు. కొందరు దీన్ని ఎత్తిపొడుపుగా అంటారు, నేను అనను. పై వస్త్రం మళ్లీ వేసుకున్న గురువును ఇప్పుడే చూశాం. పైగా ఆయన అందుకోవడం ఎరిగినవాడు. దోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను వెళ్లి చూడండి. ఇంగ్లండు చర్చిలాగా ఉండదు. గుడి మంటపాల పోలికలు, మసీదు గుమ్మటాల పోలికలు కలిసి కనబడతాయి. ఇరుగుపొరుగు ఇళ్లనుంచి అడిగి తెచ్చుకున్నట్టుంటుంది ఆ కట్టడం. పక్కవాడి దగ్గర నేర్చుకోవలసింది లేదనుకునే సంఘం అలా కట్టుకోదు.

చేదు మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. స్నేహితుల్ని ఇవ్వండని తెల్లవాళ్లను అడిగిన సంఘం మనది. ఆ సంఘంలోనే మాల, మాదిగ అని కమిటీ ఎన్నికల్లో రెండుగా చీలుతున్నాం. ఎడిన్‌బరోకు చెప్పిన మాట పక్క వాడకు చెప్పలేకపోయాం.

4

మెదక్ చర్చి గురించి తొందరగా చెబుతాను, 2024 క్రిస్మస్‌కు దాని శతాబ్ది ఉత్సవంలో మీలో చాలామంది ఉన్నారు గనుక. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు ఉట్టిగా గింజలు పంచకుండా, పని చూపించి పనికి తిండి పెట్టారని, అలా 1914లో మొదలైన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరుపుకుందని మనకు తెలుసు. పనికి ప్రతిఫలం అన్నది వెట్టి రాజ్యంలో చిన్న సంగతి కాదు. అదే సమయంలో, ఆకలితో వచ్చిన మనిషికి ఆ కూలి ఎంతన్నది ఎవరు తేల్చారు, అతన్ని అడిగారా అన్న ప్రశ్న కూడా నాకుంది. నూట డెబ్బై మూడు అడుగుల గోపురం ఎక్కి చూసినా దానికి జవాబు కనబడదు.

డిచ్‌పల్లి దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. జగిత్యాల, కోరుట్ల నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లకు అది పక్క జిల్లా. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ స్కాట్లండ్ వాళ్లు. 1907లో వెస్లియన్ మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో కుష్ఠు రోగులు ఆమె గుమ్మంలోకి రావడం మొదలైంది. వాళ్లకోసం 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి నిలబడింది. దానికి పెద్ద విరాళమిచ్చిన మనిషి నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్, హిందువు. క్రైస్తవ సేవ అని మనం చెప్పుకునే గొప్ప ఉదాహరణ ఒక హిందువు చేతి డబ్బు అందుకొని మొదలైంది. మన సావనీర్లలో ఈ వాక్యానికి ఎప్పుడూ చోటు తక్కువే!

కుష్ఠులో అసలు కష్టం కాళ్లది. నరాలు దెబ్బతిని అరికాలికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు, చెప్పులో రాయి పడినా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. నొప్పి లేదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు, పుండు లోపలికి పోతుంది, ఎముక దాకా పోతుంది, వేళ్లు పోతాయి. 1920లలో చాల్‌మోగ్ర జాతి నూనె ఇంజెక్షన్లు వచ్చాయి, తర్వాత డాప్సోన్ మాత్రలు, 1982 తర్వాత బహుళ ఔషధ చికిత్స. ఇప్పుడు ఆరు నెలలో ఏడాదో మందులు వాడితే రోగం నయమవుతుంది, మందులూ ఉచితమే. పోయిన స్పర్శ మాత్రం చాలామందికి తిరిగి రాదు. అందుకే మందు అయిపోయాక కూడా రోజూ చేయాల్సిన పని ఒకటుంటుంది. బకెట్లో నీళ్లు పోసి కాళ్లు నానబెట్టాలి. గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రాయితో రుద్ది తీయాలి. తుడిచి, తడి ఆరకముందే నూనె రాయాలి. తర్వాత పాదాన్ని తిప్పి, అద్దం పెట్టుకొనైనా, ఎర్రబడిందా, చీలిందా అని చూసుకోవాలి.

యోహాను పదమూడుకు ఇంతకన్నా దగ్గరి వ్యాఖ్యానం నాకు తెలియదు. డిచ్‌పల్లిలో కాళ్లు కడగడం ఆచారం కాదు, వైద్యం. ఇంకా ముఖ్యమైనది, మంచి నర్సు ఆ కాళ్లు జీవితాంతం తానే కడగాలనుకోదు. రోగి తన పాదం తానే ఒళ్లోకి తీసుకొని చూసుకునేలా నేర్పుతుంది. ఆ రోజు నుంచి అతనికి ఆమె అవసరం తగ్గుతుంది. తన అవసరం తగ్గిపోతే సంతోషించగల సేవకులు ఎంతమంది? సంస్థల సంగతి అడగనే అక్కర్లేదు. చాలా సేవాసంస్థలు తమ అవసరం తీరిపోతుందేమోనన్న భయంతోనే నడుస్తున్నాయి.

5

ఇక మన సంగతి. సిరిసిల్ల నుంచి ఇక్కడికి వస్తుంటే బ్రిడ్జి దాటాక ఒక ఫ్లెక్సీ కనబడింది. ఎవరిదో చెప్పను, ఏ సభదో చెప్పను. ఇరవై అడుగుల ఫొటో, పేరుకు ముందు మూడు బిరుదులు, కింద ‘దీన సేవకుడు’. (నవ్వులు) నవ్వండి గానీ, అచ్చు వేయించింది మనమే, కట్టిందీ మనమే. దుప్పట్లు పంచేటప్పుడు అందుకునే ముసలమ్మ మొహం కెమెరావైపు తిప్పించేదీ మనమే. ఆమె ఆ దుప్పటి వెల ఆ ఫొటోతో కట్టేసింది. అక్కడికి బాకీ చెల్లు.

ఈస్టరుకు ముందు పరిశుద్ధ గురువారం కాళ్లు కడిగే ఆచారమూ అలాగే తయారైంది. పన్నెండు కుర్చీలు వేస్తాం. పన్నెండు మంది కమిటీ పెద్దలు ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకొని తెల్లటి కాళ్లతో వస్తారు. కొత్త తువాలు, స్టీలు పళ్లెం. అయ్యగారు మోకాళ్లూనుతారు, పాపం ఆయన మోకాళ్లకు నొప్పులు కూడా. ఇదంతా చెడ్డదనను. అయితే 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండుమంది కాళ్లు కడిగినప్పుడు, వాళ్లలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. లోకమంతా అదేదో కొత్త విషయంలా మాట్లాడుకుంది. వేల ఏళ్ల కథలో కొత్తేముంది? మనం కుర్చీల్లో కూర్చోబెట్టే మనుషుల్ని మార్చుకోవడమే కొత్త.

కమిటీవారికి ఒకటి రెండు మనవులు. మన సంఘాల్లో సహాయం ఎవరికి ఇవ్వాలో తేల్చే చోట సహాయం అందుకునేవాళ్లు ఒక్కరూ ఉండరు. వితంతువుల నిధి కమిటీలో వితంతువు లేదు. బీడీ కార్మికుల పిల్లల ఫీజులు తేల్చే కమిటీలో బీడీలు చేసే అక్క లేదు. వాళ్లను కూర్చోబెట్టండి, చేయెత్తే హక్కుతో సహా. లెక్కలు వాళ్ల ముందు చదవండి. వాళ్లు తప్పు పట్టినప్పుడు ‘మేము చేసేదే మీకోసం కదా’ అన్న మాట నోట రాకుండా చూసుకోండి. ఆ మాటలో గడి ఉంది.

రెండోది గల్ఫ్ సంగతి. కువైట్‌లో శుక్రవారం చర్చి కాంపౌండులో తెలుగు ఆరాధన జరుగుతుంటే వెళ్లి కూర్చునేవాళ్లలో మన పల్లెలవాళ్లున్నారు. వారమంతా ఒకరి అంతస్తులు తుడిచిన మనిషి పంపిన దినార్లతో మన ఊరి చర్చికి స్లాబు పడింది. చలువరాయి మీద అతని పేరు చెక్కించాం. సెలవుకు వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చోబెడతాం. ఉద్యోగం పోయి చేతులూపుకుంటూ తిరిగొచ్చాక ఏ వరసలో కూర్చోబెడుతున్నామో మీరే చూడండి. ఇచ్చినన్నాళ్లూ అన్న, అడిగిన రోజు నుంచి భారం.

ఈ ఏడు పరిశుద్ధ గురువారం ఆరాధనకు ఎవరిని కూర్చోబెట్టాలన్నది కమిటీ ఇంకా తేల్చలేదని కార్యదర్శిగారు ఇందాక చెప్పారు. చర్చి ఊడ్చే అక్క, మోరీలు తీసే మున్సిపాలిటీ తమ్ముళ్లు, సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, వీళ్ల పేర్లు రాసుకోండి. రాసుకున్నాక ప్రకటన చేయకండి, ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగండి. అందరి ముందు కాళ్లు చాపడం కొందరికి సిగ్గు. కొందరికి పాత సంగతులేవో గుర్తుకొస్తాయి. ఎవరైనా వద్దంటే బతిమాలకండి, ఎందుకు వద్దంటున్నారో విని, వాళ్ల మాటల్లోనే కమిటీ మినిట్స్‌లో రాయండి. టీ పెడితే తాగి రండి.